గిల్‌క్రిస్ట్‌ను చూసిన తాతయ్య, బెకిల్స్ కావాలనుకునే మనవడు

ప్రశ్న: నేను ఎం.ఎ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతున్నాను. వెస్టిండీస్ క్రికెట్ పిచ్చి నాకు మా తాతయ్య నుంచి వచ్చింది. 1962-63లో హైదరాబాద్ తరఫున రంజీ ఆడటానికి వచ్చిన వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్‌ను ఆయన కుర్రతనంలో కళ్లారా చూశారు. ఈ మధ్య బార్బడోస్ చరిత్రకారుడు హిలరీ బెకిల్స్ గురించి చదివాను. బానిసత్వం మీద పరిశోధన చేసిన మనిషి క్రికెట్ చరిత్ర కూడా రాసి, వెస్టిండీస్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారట. నాకూ అలాంటి దారి కావాలి. డిసర్టేషన్‌కు 'వెస్టిండీస్ క్రికెట్ చరిత్ర' అని అంశం ఇస్తే మా గైడు నవ్వి, "పత్రికల ఆటల పేజీకి పంపు" అన్నారు. నాన్న ఏమీ అనకుండా గ్రూప్ టూ పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. క్రికెట్‌ను ప్రేమించేవాడు చరిత్రకారుడిగా బతకగలడా?
ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: మీ గైడు నవ్వారని మీకు కోపం వచ్చినట్టుంది. నాకైతే రాలేదు. ఆ అంశం కాగితం మీద రాసుకొని నా దగ్గరకు వచ్చి ఉంటే నేనూ నవ్వేవాణ్ని. 'భారతీయ రైల్వేల చరిత్ర' అని వచ్చినా నవ్వేవాణ్నే. ఎనభై పేజీల డిసర్టేషన్‌లో సముద్రాన్ని పోస్తానంటే ఎవరైనా ఏం చేస్తారు? అయితే "ఆటల పేజీకి పంపు" అన్నారు చూడండి, ఆ మాట దగ్గర మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. దాని సంగతి తరవాత చూద్దాం. ముందు బెకిల్స్.

ఆయన జీవితాన్ని మీరు చివరి పేజీ నుంచి చదివారు. ముందు వైస్ ఛాన్సలర్ పదవి, దాని వెనక క్రికెట్ పుస్తకాలు, ఆ వెనకెక్కడో బానిసత్వం. ఒకసారి మొదటి పేజీ నుంచి చదవండి. 1955లో బార్బడోస్‌లో పుట్టారు. మన హైదరాబాద్ జిల్లాను రెండు చేస్తే ఎంతో, ఆ దేశం మొత్తం అంతే. కుర్రతనంలో ఇంగ్లండ్ వెళ్లి, హల్ విశ్వవిద్యాలయంలో చదివి, 1980లో అక్కడే డాక్టరేట్ తీసుకున్నారు. దేని మీద? పదిహేడో శతాబ్దంలో ఒప్పందం మీద బార్బడోస్‌కు వచ్చిన తెల్లకూలీల మీద. ఆఫ్రికా బానిసలతో తోటలు నిండిపోక ముందు అక్కడ చాకిరీ చేసింది ఇంగ్లండ్, ఐర్లండ్‌ల బీదజనం. ఆ ఒప్పంద కాగితాలు, తోటల లెక్కలు, ఆస్తి జాబితాలు, వీలునామాలు, పాత చట్టాలు: ఇవీ ఆయన చదివినవి. తరవాత బానిస స్త్రీల మీద ఒక పుస్తకం రాశారు. ఆ తరవాత బార్బడోస్ చరిత్ర. వీటిలో దేనికీ బంతితో, బ్యాటుతో పని లేదు. క్రికెట్ మీద ఆయన ముఖ్యమైన పుస్తకాలన్నీ 1990ల నడిమి నుంచి వచ్చినవే. అంటే పట్టా చేతికి వచ్చాక సుమారు పదిహేనేళ్లు చెరకు తోటల కాగితాల్లో తల దూర్చి, ఆ తరవాతే ఆట మీద పుస్తకాలకు దిగారు.

అంతకాలం తోటల లెక్కలు చదివిన కళ్లకు మైదానం కూడా ఒక తోటలాగే కనిపించింది. ఎందుకంటే ఆ దీవుల్లో ఆట మొదలైన తీరే అది. తెల్ల దొర బ్యాటు పట్టుకొని నీడ చూసుకొని నిలబడితే, ఎండలో పరుగెత్తి బంతి వేసేది, పొదల్లోకి పోయిన బంతిని తెచ్చేది నల్లవాడు. బానిసత్వం 1838కి పూర్తిగా ముగిసింది. దొరలకు నష్టపరిహారంగా బ్రిటన్ 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది, విడుదలైనవాళ్లకు పైసా ఇవ్వలేదు. మైదానం మీద పని పంపకం మాత్రం మారలేదు. కెప్టెన్సీ అయితే 1960 దాకా దాదాపు తెల్లవాళ్ల, లేత రంగువాళ్ల గుత్తసొత్తు. 1948లో బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో నల్లజాతి ఆటగాడు జార్జ్ హెడ్లీకి ఒకే ఒక్క టెస్టుకు పగ్గాలు ఇచ్చారు. పూర్తి సిరీస్‌కు నియమితుడైన మొదటి నల్లజాతి కెప్టెన్ ఫ్రాంక్ వారెల్, అదీ 1960-61 ఆస్ట్రేలియా పర్యటనకు. బానిసత్వం పోయిన నూట ఇరవై రెండేళ్లకు! ఈ లెక్క చూశాక దీన్ని ఆటల పేజీకి పంపాలా, చరిత్ర విభాగంలో పెట్టాలా అన్నది మీ గైడునే అడగండి. మర్యాదగా అడగండి, ఆయన సంతకం మీకు కావాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. మనకు క్రికెట్ జట్టు అంటే ఒక దేశం ఉంటుంది, దానికి ఒక జట్టు ఉంటుంది. అక్కడ వెస్టిండీస్ అనే దేశం లేదు, జట్టు ఉంది. 1958లో ఆ దీవుల్లో చాలావరకు కలిసి ఒక సమాఖ్య కట్టుకున్నాయి. 1961లో జమైకా ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి బయటికి నడిచింది, 1962లో సమాఖ్య కూలిపోయింది. ఎవరి జెండా వాళ్లు ఎగరేసుకున్నారు. ఇన్ని జెండాల మధ్య ఉమ్మడిగా మిగిలిన పెద్ద సొత్తులు రెండు: 1948లో మొదలైన విశ్వవిద్యాలయం, క్రికెట్ జట్టు. ఆ విశ్వవిద్యాలయంలో కొలువు చేసే చరిత్రకారుడు ఆ జట్టు గురించి రాస్తే దాన్ని తీరిక వేళల సరదా అని ఎవరనగలరు? బెకిల్స్ క్రికెట్ చరిత్రను తరగతి గదికి తెచ్చారు. బార్బడోస్‌లోని కేవ్ హిల్ ప్రాంగణంలో క్రికెట్ పరిశోధన కేంద్రం పెట్టారు. 2002లో ఆ ప్రాంగణానికి ప్రిన్సిపాల్ అయ్యారు, 2015లో మొత్తం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. కరీబియన్ దేశాల తరఫున బానిసత్వానికి నష్టపరిహారం అడిగే కమిషన్‌కు 2013 నుంచి ఆయనే అధ్యక్షుడు. తెల్లకూలీల ఒప్పందాలతో మొదలైన పరిశోధన అక్కడిదాకా వచ్చింది.

కేవ్ హిల్ ప్రాంగణంలో ఒక మైదానం ఉంది. వారెల్, వీక్స్, వాల్కాట్ పేర్లలోని మొదటి అక్షరాలు కలిసేలా దానికి పేరు పెట్టారు. ఆ ముగ్గురూ బ్రిడ్జ్‌టౌన్‌లో ఒకరి ఇంటికి ఒకరు కూతవేటు దూరంలో, పద్దెనిమిది నెలల వ్యవధిలో పుట్టారు. ముగ్గురి సమాధులూ ఇప్పుడు ఆ మైదానం పక్కనే ఉన్నాయి. వీక్స్ 2020లో పోయాక ఆ జత పూర్తయింది. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మహాపండితులకు కట్టినట్టు క్రికెటర్లకు సమాధులు కట్టిన చోటు నాకు తెలిసి మరొకటి లేదు.

ప్రిన్సిపాల్ అయినంత మాత్రాన అక్షింతలు తప్పాయని అనుకోకండి. 2012లో ఒక ఉపన్యాసంలో క్రిస్ గేల్ గురించి బెకిల్స్ అన్న మాటకు పెద్ద దుమారం రేగింది. పాత జట్టు గురించి రాస్తే పండితుడంటారు, ఆడుతున్న జట్టు జోలికి వెళితే వీధిలో నిలదీస్తారు.

బెకిల్స్ నడిచిన ఈ బాట మొదట వేసిన మనిషి వేరే. ఆ కేవ్ హిల్ పరిశోధన కేంద్రానికి పెట్టింది ఆయన పేరే: సి.ఎల్.ఆర్. జేమ్స్. 1901లో ట్రినిడాడ్‌లో పుట్టాడు. టునపూనా అనే ఊళ్లో వాళ్ల ఇల్లు మైదానానికి ఎదురుగా ఉండేది. వికెట్లకు ఎంత తిన్నగా ఉండేదంటే, అంపైర్ వచ్చి వాళ్ల పడకగది కిటికీలో నిలబడినా పని జరిగిపోయేది. ఆరేళ్ల జేమ్స్ కుర్చీ ఎక్కి నిలబడి సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారాలు మ్యాచీ చూసేవాడు. ఆ కుర్చీ మీద నుంచే కిటికీ గట్టు ఎక్కి చెయ్యి చాపితే, బట్టల బీరువా నెత్తిన పేర్చిన పుస్తకాలు చేతికి తగిలేవి. ఒక పక్క ఆట, ఒక పక్క అచ్చు, మధ్యన కుర్చీ మీద ఒక పిల్లవాడు. తన బతుకు ఏ దారిన పోనుందో అక్కడే తేలిపోయిందని ఆయనే రాసుకున్నాడు.

ఆ కిటికీలోంచి ఆయన ఎవరిని చూశాడో వినండి. పొరుగింట్లో మాథ్యూ బాండ్‌మన్ అనే యువకుడు ఉండేవాడు. పనీపాటా లేదు, నోరు మంచిది కాదు, ఒంటి మీద శుభ్రత లేదు, కాళ్లకు చెప్పులు లేవు. జేమ్స్ ఇంటి ఆడవాళ్లకు అతని పేరెత్తితే కంపరం. అలాంటివాడు బ్యాటు పట్టుకున్నాడంటే చూసేవాళ్లకు ఊపిరి ఆడేది కాదు. ఒంటి మోకాలి మీద వాలి ఒక షాట్ కొట్టేవాడట, మైదానం చుట్టూ జనం "ఆహా" అని నిట్టూర్చేవారట. ఇంత అధ్వానంగా బతికేవాడి చేతుల్లో ఇంత అందం ఎలా వచ్చింది? ఆరేళ్ల పిల్లవాడికి పుట్టిన ఈ అనుమానం అరవై రెండేళ్ల వయసులో, 1963లో, ఒక పుస్తకమై బయటికి వచ్చింది. క్రికెట్ ఒక్కటే తెలిసినవాడికి క్రికెట్ గురించి మాత్రం ఏం తెలుస్తుంది అని అందులో ఆయన వేసిన ప్రశ్నను ఇప్పటికీ అందరూ వల్లె వేస్తుంటారు. బాండ్‌మన్ సంగతి మాత్రం అంతగా ఎవరూ ఎత్తరు. నా మట్టుకు నాకు ఆ ప్రశ్న కంటే బాండ్‌మన్ మోకాలే ఎక్కువ గుర్తుండిపోయింది.

మీరు నేర్చుకోవలసిన పద్ధతి జేమ్స్ ఒప్పుకున్న ఒక తప్పులో ఉంది. ఆనాటి పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో క్రికెట్ క్లబ్బులు రంగు ప్రకారం విడిపోయి ఉండేవి. క్వీన్స్ పార్క్ క్లబ్ తెల్ల సంపన్నులది. మేపుల్ లేత చర్మం ఉన్న మధ్యతరగతిది. షానన్ నల్లజాతి దిగువ మధ్యతరగతిది, అంటే బడిపంతుళ్లు, గుమస్తాలు. స్టింగో అంతకన్నా కిందివాళ్లది. జేమ్స్ నల్లవాడు. కానీ పెద్ద చదువు చదివాడని మేపుల్ వాళ్లు రమ్మన్నారు. వెళ్లాడు. తన మనుషులు, తనకు ఇష్టమైన లియరీ కాన్‌స్టాంటైన్ వంటి ఆటగాళ్లు, షానన్‌లో ఉన్నారు. ఆ ఒక్క నిర్ణయంతో తన రాజకీయ ఎదుగుదల ఏళ్ల తరబడి వెనకబడిందని తరవాత ఒప్పుకున్నాడు. చూశారా, క్లబ్బు సభ్యత్వం అనే ఒక చిన్న కాగితంలోంచి ఒక సమాజం మొత్తాన్ని బయటికి లాగాడు. అందులో తనను తాను కూడా వదల్లేదు.

తరవాతి కథ టూకీగా చెబుతాను. 1932లో ఇంగ్లండ్ వెళ్లి, నెల్సన్ అనే మిల్లుల ఊళ్లో కాన్‌స్టాంటైన్ ఇంట్లో ఉన్నాడు. బతకడానికి మాంచెస్టర్ పత్రికకు క్రికెట్ వార్తలు రాస్తూ, ఆ డబ్బుతో కాలక్షేపం చేస్తూ, హైతీ బానిసల తిరుగుబాటు మీద 1938లో ఒక మహాగ్రంథం తెచ్చాడు. బానిసత్వ చరిత్ర రాసేవాళ్లకు ఇప్పటికీ అది దాటలేని పుస్తకం. అమెరికాలో పదిహేనేళ్లు ఉన్నాడు, వాళ్లు ఎల్లిస్ దీవిలో నిర్బంధించి 1953లో పంపేశారు. 1958లో ట్రినిడాడ్ తిరిగొచ్చి, ఒకప్పటి తన శిష్యుడు, తానూ చరిత్రకారుడే అయిన ఎరిక్ విలియమ్స్ పార్టీ పత్రికకు సంపాదకుడయ్యాడు. ఆ పత్రికలోనే వారెల్‌ను కెప్టెన్ చెయ్యాలని ఉద్యమం నడిపాడు. గెలిచాడు. తరవాత శిష్యుడితో చెడింది. 1989లో లండన్ బ్రిక్స్‌టన్‌లో ఒక చిన్న గదిలో, పుస్తకాల మధ్య పోయాడు.

ఇంత చెప్పింది మీ కళ్లు చెమర్చాలని కాదు. జేమ్స్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేదు, స్థిరమైన జీతం చాలాకాలం లేదు. ఆయన రాత మీకు ఆదర్శం కావచ్చు, ఆయన జేబు కాకూడదు. బతుకుతెరువు విషయంలో బెకిల్స్‌నే చూడండి. ముందు గట్టి పరిశోధన, దాని మీద ఉద్యోగం, ఆ ఉద్యోగం ఇచ్చిన ధీమాతో క్రికెట్.

వీళ్లిద్దరి మధ్య మీరు వినని మూడో మనిషి ఒకరున్నారు. మనకు చుట్టరికం ఉన్నది ఆయనతోనే. క్లెమ్ సీచరణ్, 1950లో గయానాలోని బెర్బీస్ ప్రాంతంలో పుట్టారు. లండన్‌లో చరిత్ర ఆచార్యుడిగా పని చేశారు. గయానా చెరకు ఎస్టేట్లలోని భారతీయ కూలీల చరిత్ర ఆయన సొంత చేను. 1838 నుంచి 1917 దాకా సుమారు 2 లక్షల 39 వేల మంది మన దేశం నుంచి ఆ ఒక్క కాలనీకే వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి. కొందరు మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కారు. తమిళులనూ తెలుగువాళ్లనూ కలిపి అక్కడ 'మద్రాసీలు' అన్నారు. మారెమ్మ కొలుపులు ఇప్పటికీ అక్కడ జరుగుతున్నాయంటే ఆ ఓడల వాళ్ల చలవే.

సీచరణ్ పట్టుకున్న ప్రశ్న చూడండి. బెర్బీస్‌లో పోర్ట్ మౌరాంట్ అనే ఒక ఎస్టేటు ఉంది. రోహన్ కన్హాయ్, బాసిల్ బుచర్, జో సోలమన్, ముగ్గురు టెస్టు ఆటగాళ్లు ఆ ఒక్క ఎస్టేటు నుంచే ఒకే కాలంలో వచ్చారు. రాజకీయ నాయకుడు ఛెద్ది జగన్ పుట్టింది కూడా అక్కడే. ఎందుకు అక్కడే? అభిమాని అయితే "ఆ మట్టిలో ఏదో ఉంది" అని ఊరుకుంటాడు. చరిత్రకారుడు నిజంగానే ఆ మట్టిని చూశాడు. మిగతా ఎస్టేట్ల కంటే అక్కడ మలేరియా తక్కువ. కూలీలకు వరి పండించుకోవడానికి, పశువులు మేపుకోవడానికి కాస్త నేల దొరికింది. ఒంట్లో బలం, చేతిలో నాలుగు కాసులు, నోట్లో ఎదురుచెప్పే మాట ఉన్న జనం. ఆపైన 1954లో క్లైడ్ వాల్కాట్ చెరకు ఎస్టేట్లకు క్రికెట్ కోచ్‌గా వచ్చి వీళ్లను వెలికి తీశాడు. అక్కడ ఎస్టేట్లలో అధికభాగం బుకర్ కంపెనీవి. మనం ఏటా నవలల బహుమతి గురించి చదువుతామే, ఆ బుకరే. ఇక జో సోలమన్: 1960 డిసెంబర్‌లో బ్రిస్బేన్ టెస్టు చివరి ఓవర్లో, పక్క నుంచి చూస్తే ఒక్క వికెట్టే కనిపించే చోట నుంచి బంతి విసిరి గిరాటేసింది ఆయనే. టెస్టు చరిత్రలో మొదటి టై ఆ విసురుతో వచ్చింది. దాని వెనక ఎస్టేటులో మామిడికాయలు రాళ్లతో కొట్టిన బాల్యం ఉందని కథ చెప్పుకోవచ్చు. మలేరియా లెక్కలు కూడా ఉన్నాయి. సీచరణ్ లెక్కల దాకా వెళ్లారు.

ఇప్పుడు మీ డిసర్టేషన్ మాట. అంశం కోసం కరీబియన్ దాకా వెళ్లనవసరం లేదు. అది మీ ఇంట్లో పడక్కుర్చీలో కూర్చొని ఉంది. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన గిల్‌క్రిస్ట్‌ను మళ్లీ పట్టుకోండి.

జమైకాలో చెరకు ఎస్టేటు నీడలో పెరిగిన మనిషి. 1958-59లో వెస్టిండీస్ జట్టుతో భారత్ వచ్చి, నాలుగు టెస్టుల్లో 26 వికెట్లు తీశాడు. ఉత్తర మండలంతో ఆడుతున్నప్పుడు స్వరణ్‌జీత్ సింగ్ మీదికి నేల తాకని బంతులు, నేరుగా తలకు గురిపెట్టినవి, వేశాడు. వద్దని కెప్టెన్ జెర్రీ అలెగ్జాండర్ చెప్పినా వినలేదు. అలెగ్జాండర్ కేంబ్రిడ్జ్‌లో చదివినవాడు. స్వరణ్‌జీత్ కూడా కేంబ్రిడ్జ్ వాడే, ఇద్దరికీ పరిచయం. కెప్టెన్ గిల్‌క్రిస్ట్‌ను విమానం ఎక్కించి ఇంటికి పంపేశాడు. 13 టెస్టుల్లో 57 వికెట్లు తీసిన బౌలర్ మళ్లీ టెస్టు ఆడలేదు. తప్పు గిల్‌క్రిస్ట్‌దే, అందులో నాకు అనుమానం లేదు. ఆ బంతి తగిలితే మనిషి పోతాడు. అయినా ఎస్టేటు కుర్రవాడికి, కేంబ్రిడ్జ్ కెప్టెన్‌కు మధ్య జరిగిన ఆ తగువులో ఒక్క బంతి కంటే ఎక్కువే ఉంది. అందుకే జేమ్స్ దాన్ని వదలకుండా రాశాడు.

మూడేళ్లు గడిచాయి. 1962లో మన జట్టు వెస్టిండీస్ వెళ్లి 5-0తో ఓడింది. బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతికి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. ప్రాణం నిలబెట్టడానికి రక్తం ఇచ్చినవాళ్లలో ఫ్రాంక్ వారెల్ ఒకడు. వేగానికి మనవాళ్లను అలవాటు చెయ్యాలని మన క్రికెట్ బోర్డు నలుగురు వెస్టిండీస్ బౌలర్లను పిలిపించి, ఒక్కొక్కరిని ఒక్కొక్క రంజీ జట్టుకు పంచింది. హైదరాబాద్ వాటాకు వచ్చినవాడు, ఇదే దేశం నుంచి ఇంటికి పంపేసిన గిల్‌క్రిస్ట్! ఆ సీజన్లో బెంగాల్ మ్యాచిలో పంకజ్ రాయ్ ఆయన్ను ఎదుర్కొని రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు.

దీన్ని అభిమాని రాస్తే బంతి వేగం రాస్తాడు. మీరు వేరే ప్రశ్నలు అడగాలి. ఆయనకు ఎంత ఇచ్చారు, ఎవరు ఇచ్చారు? ఏ ఇంట్లో, ఏ హోటల్లో ఉంచారు? జయసింహ వంటి నాజూకు మనుషులు ఆడే జట్టులో ఈ ఎస్టేటు మనిషిని ఎలా చూసుకున్నారు? పత్రికలు ఆయన రంగు గురించి ఏ మాటలు వాడాయి? ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వదళం పేరే ఆ పేటకు మిగిలింది, ఆ సిద్దీల వారసులు అక్కడ ఉన్నారు. అట్లాంటిక్ దాటించిన ఆఫ్రికావాళ్ల మునిమనవడు, అరేబియా సముద్రం దాటి వచ్చిన ఆఫ్రికావాళ్ల మునిమనవలు ఉండే ఊరికి బౌలింగ్ చెయ్యడానికి వచ్చాడు. వాళ్లు వెళ్లి ఆయన్ను చూశారా? ఆయనకు వాళ్ల సంగతి ఎవరైనా చెప్పారా? ఆ పేటలో ఇప్పుడు ఎనభై దాటిన పెద్దలను వెతికి అడగండి. సమాధానం "లేదు" అని వచ్చినా ఒక అధ్యాయం అవుతుంది.

'హైదరాబాద్‌లో రాయ్ గిల్‌క్రిస్ట్, 1962-63' అని అంశం రాసి ఇస్తే మీ గైడు నవ్వరు. నవ్వితే నాకు రాయండి.

ఆధారాలకు 1962 నాటి దక్కన్ క్రానికల్, సియాసత్, ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక సంచికలు తిరగెయ్యండి. తార్నాకలో రాష్ట్ర పురాభిలేఖాగారం ఉంది. ఉర్దూ చదవడం నేర్చుకోండి. హైదరాబాద్ చరిత్ర మీద పని చెయ్యాలనుకొని ఉర్దూ రాదంటే, నీళ్లు లేని చెరువులో గాలం వేసినట్టే. తాతయ్యకు వచ్చి ఉంటే ఇంట్లోనే గురువు దొరికినట్టు. పాత ఆటగాళ్ల ఇళ్లలో ఫొటోలు, ఉత్తరాలు ఉంటాయి. ఆలస్యం చెయ్యకండి. నేను కుర్రతనంలో మా ఊరి క్లబ్బుకు స్కోరరుగా ఉండేవాణ్ని. ఇరవై ఏళ్ల స్కోరుబుక్కులు ట్రంకుపెట్టెలో పెట్టి, పెట్టెను గోడకు ఆనించాను. పదవీ విరమణ చేశాక తీరిగ్గా రాద్దామని తెరిస్తే చెదలు అట్టలు మాత్రం మిగిల్చాయి. చరిత్ర పాఠం ముప్పై ఏళ్లు చెప్పినవాడి ఇంట్లో జరిగిన ఘోరం ఇది.

నాన్నతో తగువు పెట్టుకోకండి. బల్ల మీద ఉన్న పుస్తకాలు తెరవండి, వాటిలో సగం మీరు చదువుతున్న చరిత్రే. దానితో పాటు నెట్ పరీక్షకు కూర్చోండి. పరిశోధన వేతనం వస్తే ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు. ఆ అంకె నాన్నకు నోటితో చెప్పడం కాదు, ఉత్తర్వు కాగితం చూపించండి. రాకపోతే గ్రూప్ టూ ఉద్యోగంలో చేరి సెలవుల్లో పని సాగించండి. జేమ్స్ బడిలో పాఠాలు చెప్పాడు, పత్రికలకు స్కోర్లు రాశాడు. పొట్టకూటికి వేరే పని చేసిన చరిత్రకారులకు కొదవ లేదు. ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. మన విశ్వవిద్యాలయాల్లో క్రికెట్ చరిత్రకారుడు కావలెను అని ప్రకటన నేను ఇంతవరకు చూడలేదు. మీకు ఉద్యోగం వస్తే ఆధునిక భారత చరిత్ర చెప్పేవాడిగానే వస్తుంది. గిల్‌క్రిస్ట్‌ను మీరే వెంట తీసుకువెళ్లాలి.

ఈ ఆదివారం తాతయ్య పక్కన ఫోను పెట్టి రికార్డు చెయ్యడం మొదలుపెట్టండి. గిల్‌క్రిస్ట్ ఎంత వేగంగా వేశాడని అడగకండి, ఆ కథ ఆయన వందసార్లు చెప్పి నున్నగా చేసి ఉంటారు. టిక్కెట్టు ఎంత, డబ్బులు ఎవరిచ్చారు, ఊరి నుంచి రైల్లో వెళ్లారా బస్సులోనా, ఎక్కడ కూర్చున్నారు, పక్కన కూర్చున్నవాళ్లు గిల్‌క్రిస్ట్‌ను చూసి ఏమని అరిచారు, అది అడగండి. చివరి ప్రశ్నకు ఆయన కాస్త ఇబ్బంది పడవచ్చు. అప్పుడు ఫోను ఆపకండి.